మనింటి ఫోటోలకు వేరే ఇంకు

పాప నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం బాగున్నాం, మీరూ అక్కడ బాగున్నారనే అనుకుంటున్నాను. బాగున్నాం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. ఆ మాటలో నిజం ఎంతో ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది.

సరుకుల లారీ అతని చేత మీరు పంపిన ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పేదానికి ఇంత రాత ఎందుకని మీకు అనిపించవచ్చు. గని వెనక గుట్టెక్కి మీరు ఫోన్ చేసినప్పుడు మీ మాటలన్నీ నాకు చక్కగా వినిపిస్తాయి. నేను అసలు సంగతి ఎత్తుకునేసరికి మాత్రం సిగ్నల్ పోతుంది. ఉత్తరంతో ఆ బాధ లేదు, నేను చెప్పదలుచుకున్నదంతా మీ దాకా వస్తుంది.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు దిగి మందుల షాపు దాకా తనే వెళ్ళి వస్తున్నారు. వంటింట్లో కారుతున్న కుళాయిని మీ తమ్ముడు చంటి బాగుచేశాడు, ప్లంబర్ని పిలవాల్సిన పని లేకపోయింది. పాపకి ముందు పన్ను ఊడింది. "నాన్నకి చెప్పొద్దు, వచ్చాక నేనే నవ్వి చూపిస్తా" అంది. చెప్పేశాను, మీకు తెలిసినట్టు ఉండకండి. మీ చలికోటు జిప్పు మార్పించి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. అక్కడ చలికి చేతులు పగులుతున్నాయని రాశారు. కోటు జేబులో పూత మందు పెట్టాను, రాసుకోండి.

ఇక మీ ఉత్తరంలో పెద్ద ప్రశ్న. "చంటిని పంపించేశావా లేదా?" అని కింద గీత గీసి మరీ అడిగారు. పంపలేదు. ఎందుకు పంపలేదో మొదటినుంచీ పూసగుచ్చినట్టు చెబుతాను. మీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని చెబుతాను, ఓపిగ్గా చదవండి. అవి మీకు తెలుసని నాకు ఈమధ్యే తెలిసింది.

ఎండలు ముదిరిన కొత్తలో ఒక పొద్దున టైలరమ్మ మనింటికి వచ్చింది. మన వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడే. చేతిలో వాళ్ళ బాబు ఫోటో ఉంది. జ్వరం వచ్చి పోయిన బాబు. ఆ ఒక్క ఫోటోనే ఫ్రేము కట్టించి మిషనుకెదురుగా గోడకి పెట్టుకుంది, కుడుతూ కుడుతూ తలెత్తితే కనబడేట్టు. ఫ్రేములోంచి తీసి నా ముందు బల్ల మీద పెట్టింది.

"చెల్లీ, ఇది చూడు. నా కళ్ళే పాడయ్యాయా, ఇదే పాడయిందా?" అంది.

ఆవిడ కళ్ళకేం కాలేదండీ. ఫోటోలో ఎరుపు అనేదే లేకుండా పోయింది. బాబు వేసుకున్న ఎర్ర చొక్కా ఎండిన గడ్డి రంగుకి దిగింది. బుగ్గలు పచ్చగా, కామెర్లు వచ్చినట్టున్నాయి. పెదాలైతే తెల్లగా పాలిపోయాయి. నేను ఏదో ఒకటి అనాలి కదా, "ఎండ తగిలిందేమో అక్కా" అన్నాను.

"ఎండ నా మిషను మీద పడుతుంది గానీ ఆ గోడ మీద పడదు. పోయిన రోజు కూడా వాడి పెదాలు ఇట్లా లేవు చెల్లీ" అంది.

 కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఫోన్లో ఉంటే ఇవ్వక్కా, మళ్ళీ వేయిస్తాను అన్నాను. ఫోన్లో లేదంది. ఎందుకు లేదో ఆ రోజు చెప్పలేదు, ఫోటో అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. మందుల షాపాయన కూతురి పెళ్ళి ఫోటోలు, వెనక వీధి మాస్టారి తల్లిగారి ఫోటో, స్కూల్లో ఆటల పోటీల ఫోటోలు. అన్నిటికీ అదే రోగం. వచ్చినవాళ్ళందరూ ఫోటో తిరగేసి వెనక మీ ముద్ర చూపించారు. "అసలు కంపెనీ ఇంకు. మీ మనవళ్ళ దాకా చెదరని రంగు." ఆ మాటలు మీరే కూర్చి, ముద్ర చేయించుకుని, దాని కింద మన ఇంటి పేరు వేయించారు. ఆ ముద్ర చూపించి అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ముందు గదిలో అద్దాల బీరువా నిండా కంపెనీ ఇంకు కాట్రిడ్జ్ డబ్బాలు పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఫోటో వంక, డబ్బాల వంక, నా మొహం వంక చూసేవారు.

ఆ ముందు గది గోడకి మన ఫోటోలూ ఉన్నాయి కదా. మీరు గని ఉద్యోగానికి వెళ్ళబోయే ముందు తీయించుకున్నది, పాప మీ భుజాలెక్కినది. అదే మిషను, అదే కాగితం. కిటికీలోంచి వచ్చే ఎండ నేరుగా మీ మొహం మీదే పడుతుంది. అయినా మీ మీసంలో నలుపు పోలేదు, పాప గౌనులో ఎరుపు పోలేదు. మందుల షాపాయన అది చూసి, "మీవి మాత్రం నిగనిగలాడుతున్నాయమ్మా" అన్నాడు. ఎత్తిపొడుపో, మామూలుగా అన్నాడో తెలియదు. నాకు మాత్రం వాతపెట్టినట్టయింది.

మీరు గనికి వెళ్ళినప్పటి నుంచీ, ఈ రెండేళ్ళూ ఫోటోలు వేసే మిషను చంటి చేతిలోనే ఉంది. ఇంకు కొనేది వాడు, మార్చేది వాడు. నేను ఇంకెవరిని అనుకుంటాను? మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను. డబ్బాలోంచి కాట్రిడ్జ్ తీసి వాడి ముందు పెట్టి ఇది అసలుదేనా అని అడిగాను. వాడు దాని వంక చూడకుండా అన్నం కలుపుకున్నాడు. నేనే గోటితో గీకి చూస్తే కంపెనీ స్టిక్కరు పైకి లేచింది, కింద ఏదో ఊరూ పేరూ లేని కంపెనీ స్టిక్కరు కనబడింది. ఇంక నా నోటికి హద్దు లేకపోయింది. అన్న పేరు బజారున పెట్టావు అన్నాను. తిన్న ఇంటికే ద్రోహం చేశావు అన్నాను. అత్తయ్య అయితే కన్నకొడుకని కూడా చూడకుండా కడిగేశారు. వాడు తల దించుకుని తింటున్నవాడు తింటున్నట్టే విన్నాడు. కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించి మిషను గదిలోకి వెళ్ళిపోయాడు. 

అదంతా మీకు రాసింది నేనే. దానికి మీరు ముందు రాసిన జవాబు కూడా ఇప్పుడు నా పక్కనే ఉంది. "వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను, కంపెనీ ఇంకు తప్ప వేరేది ముట్టుకోవద్దని. నేను లేను కదాని కళ్ళు నెత్తికెక్కాయి. ఇలాంటివాణ్ణి ఇంట్లో ఉంచుకుంటే రేపు నేనొచ్చి వీధిలో ఎలా తిరగను? వెంటనే పంపించెయ్. నాలుగు చోట్ల తిరిగితే బుద్ధొస్తుంది." అత్తయ్యకి చదివి వినిపించమని కూడా రాశారు. వినిపించాను. చంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. విన్నాక వాడు నవ్వాడండీ. ఏడ్చినా బాగుండేది. "సరే వదినా, రేపో ఎల్లుండో వెళతాను" అని చొక్కాలు మడత పెట్టుకోవడం మొదలెట్టాడు.

వాడు వెళ్ళేలోపు టైలరమ్మకి క్షమాపణ చెప్పి రావాలని నాకు అనిపించింది. ఇంటి కోడల్ని, నా నోటితోనే చెప్పాలి కదా. వెళ్ళాను. ఆవిడ మిషను ఆపలేదు. సూది పరుగెడుతుండగానే చెప్పాను, మా మరిది డబ్బుకి కక్కుర్తి పడి నాసిరకం ఇంకు పోశాడక్కా, ఇంట్లోంచి పంపేస్తున్నాం, మా ఆయన కూడా చాలా బాధపడ్డారు అని. మిషను ఆగింది.

"మీ మరిదికి నా బాబు ఫోటోకి ఏంటి సంబంధం?" అంది.

"వాడే కదక్కా ఫోటోలు వేసేది."

"ఇప్పుడు వేస్తున్నాడేమో. నా ఫోటో వేసింది మీ ఆయన. నువ్వు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చావు, మర్చిపోయావా? అప్పటికి మీ మరిది ఈ ఊళ్ళోనే లేడు కదమ్మా."

మర్చిపోయానండీ. కోపంలో మనిషికి ముందూ వెనకా గుర్తుండవు. ఆవిడ అన్నాక అంతా కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. బాబు పోయిన తర్వాత ఆవిడ మొదటిసారి గడప దాటి వచ్చింది మనింటికే. కుర్చీలో కూర్చుని ఏడుస్తోంది. మీరు ఆవిడ ఫోను తీసుకుని వైరు పెట్టి, మీ చేత్తో ఫోటో వేశారు. వేసి, ముద్ర కొట్టి, "అక్కా, ఇది నీ తర్వాత కూడా ఉంటుంది. ఫోన్లోది ఎందుకు ఉంచుకుంటావు, చూసినప్పుడల్లా ఏడుపే కదా, తీసెయ్" అన్నారు. ఎలా తీసేయాలో తెలియదు తమ్ముడూ అంది ఆవిడ. బాబు ఫోటోలు ఒక్కొక్కటే చూసి, ఒక్కొక్కటే మీరే తీసేశారు. ఆ రోజు మీ మంచి మనసుకి నేను మురిసిపోయాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతోంది.

నేను ఇంటికి ఎలా నడిచొచ్చానో తెలియదు. చంటి పెట్టె మీద మోకాలు పెట్టి తాళం వేస్తున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"టైలరమ్మ బాబు ఫోటో ఏ ఇంకుతో వేశారు?" అన్నాను.

"నాకేం తెలుసు వదినా, అప్పుడు నేను లేను కదా."

"లేవు. ఆ సంగతి నాకిప్పుడే గుర్తొచ్చింది. మరి నీకు ఈ ఇంకు సంగతి ఎవరు నేర్పారు?"

"వదిలెయ్ వదినా. ఎలాగూ వెళుతున్నాను."

"నన్ను వెర్రిదాన్ని చేసి వెళతావా? మీ అన్నయ్య ఉత్తరం విని ఎందుకు నవ్వావు?"

అప్పుడు చెప్పాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "అన్నయ్య వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి అంతా నేర్పాడు వదినా. అయిపోయిన కంపెనీ కాట్రిడ్జ్ స్టిక్కరు చిరక్కుండా ఊడదీయడం, దాన్ని డూప్లికేట్ మీద అతికించడం. నీ జుట్టు ఆరబెట్టుకునే మిషనుంది చూడు, దాంతో వేడి తగిలిస్తే జిగురు కరిగి స్టిక్కరు మెత్తగా వచ్చేస్తుంది. బయట ఇంకు పెట్టినప్పుడల్లా ప్రింటరు ఇది మా కంపెనీది కాదు, వెయ్యమంటావా అని అడుగుతుంది, అవును నొక్కెయ్ అన్నాడు. తను అప్పటికే చాన్నాళ్ళ నుంచి అలాగే వేస్తున్నాడట."

"మరి మన ఫోటోలు?"

వాడు లేచి ఇనప బీరువా పై అర మీద పాత దుప్పటి వెనక చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన కాట్రిడ్జులు తీశాడు. నిజమైన కంపెనీవి. "మనింటి ఫోటోలకి ఇది పెట్టు, ఊళ్ళోవాళ్ళకి అది పెట్టు అన్నాడు వదినా. పాప ఫోటోలు చెడిపోతే మళ్ళీ వస్తాయా అన్నాడు."

ఏమండీ, మీరు తెలియక చేశారని నేను మనసుకి సర్దిచెప్పుకోవడానికి ఉన్న ఒక్క దారీ లేకుండా చేశారు. ఆ ఇంకుతో వేస్తే ఎంతకాలం ఉంటుందో మీకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే మనవి వేరే ఇంకుతో వేసుకున్నారు. పాప ఫోటో చెడితే మళ్ళీ తీయొచ్చు, పాప కళ్ళెదుటే ఉంది. మళ్ళీ రానిది టైలరమ్మ బాబు ఫోటో కదండీ!

ఇంకు మీద నాకేం కోపం లేదు. కంపెనీవాడి ధర చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి, అది నేనూ ఒప్పుకుంటాను. స్కూలు పిల్లల బొమ్మలకి, గోడకంటించే కాగితాలకి ఆ బయట ఇంకు చాలు. ఇది బయటి ఇంకు, చవక, ఎక్కువకాలం ఆగదు అని చెప్పి వేసుంటే ఎవరికి కావాల్సింది వాళ్ళు వేయించుకునేవారు. మీరు చవక ఇంకు పోసి, అసలు దాని ధర తీసుకుని, వెనక ముద్ర కొట్టారు. ఆ ప్రింటరుకున్న పాటి నిజాయితీ మీకు లేకపోయింది, అదైనా ప్రతిసారీ ఇది అసలుది కాదని చెప్పింది.

చంటి కడిగిన ముత్యమని నేననను. రెండేళ్ళు స్టిక్కర్లు అతికించింది వాడే. ఆ మాట మొహం మీదే అన్నాను. "తప్పే వదినా" అన్నాడు. మేము అన్ని మాటలంటే ఎందుకు పడ్డావురా అంటే, "నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే కదా, ఈ మాట మోయలేనా అనుకున్నాను. తనే పంపించెయ్ అని రాస్తాడనుకోలేదు" అన్నాడు.  మీ ఉత్తరం వాడు నిలబడి విన్నాడని మీకు ఒకసారి గుర్తుచేస్తున్నాను. పరాయివాడు దొంగతనం అంటగడితే ఎవరైనా తిరగబడతారు. వాడు చొక్కాలు సర్దుకున్నాడు.

ఇక నేను ఇంతసేపూ చెప్పకుండా ఆపుకున్నది చెబుతాను. మీకు చెప్పి చేయాల్సింది, చెప్పకుండా చేశాను. ఫోటోలు పట్టుకొచ్చిన ప్రతి ఇంటికీ నేనూ అత్తయ్యా వెళ్ళాం. మందుల షాపాయనకి, మాస్టారికి, స్కూలువాళ్ళకి, అందరికీ చెప్పాం. మా మరిది కాదు, ఇది మొదలెట్టింది మా ఆయన అని నేను చెప్పాను. మాస్టారి ఇంట్లో నేను మొదలెట్టేలోపే అత్తయ్యే అందుకుని, "నా పెద్దకొడుకు చేశాడు బాబూ" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా నా చెయ్యి వదల్లేదు. మీరు వీధిలో ఎలా తిరుగుతారని బెంగపడ్డారు కదా. ఎలా తిరుగుతారో మీరే ఆలోచించుకోండి, వీధి అంతటికీ తెలుసు.

టైలరమ్మ దగ్గరికి చంటి కూడా వచ్చాడు. పాలిపోయిన ఫోటోనే కంప్యూటర్లోకి ఎక్కించి రంగులు సరిచేసి మళ్ళీ వేస్తానక్కా అన్నాడు. బాబు పెదాలు ఏ రంగులో ఉండేవో చెప్పమన్నాడు. మాటల్లో రంగు ఎలా చెప్పేది? ఆవిడ లేచి దారపు రీళ్ళ డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో రీలూ కిటికీ వెలుగులో పెట్టి చూసి, ఇది చొక్కా, ఇది బుగ్గ, ఇది పెదవి, కాదు కాదు దీనికన్నా ఒక పిసరు లేత, అని ఏరి ఇచ్చింది. చంటి ఆ దారాలు కంప్యూటరు అంచుకి అతికించుకుని, తిండి ధ్యాస కూడా లేకుండా కూర్చున్నాడు. మీరు గుడ్డలో చుట్టి దాచిన ఇంకు ఉంది కదా, అదే పెట్టి వేశాం. మనకోసం మీరు దాచినదంతా అయిపోయింది.

ఫోటో బాగా వచ్చింది. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని తీసుకుంది, చాలాసేపు చూసింది.

"ఎవరి బాబో గానీ ముద్దుగా ఉన్నాడు చెల్లీ" అని తిరిగి నా చేతిలో పెట్టింది.

నేను ఆ ఫోటో పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడే నన్ను ఓదార్చింది, చూడండి. నీ తప్పు కాదులే, మీ మరిది పాపం బాగానే కష్టపడ్డాడు అంది. ఆ తర్వాత నెమ్మదిగా అంది, "రోజూ ఈ పచ్చ మొహాన్నే చూసి చూసి నాకు అసలు మొహం జారిపోయింది చెల్లీ. దారాలు ఏరానే గానీ, అవి నిజంగా గుర్తుండి ఏరానో, ఊహించుకుని ఏరానో నాకే తెలియదు."

చంటి ఎక్కడికీ వెళ్ళడం లేదు. పెట్టె విప్పించి బట్టలు నేనే బీరువాలో సర్దాను. డబ్బాలన్నీ తీసి పారేశాం. మిషను మీద ఇప్పుడు స్కూలు పిల్లల పనులే వేస్తున్నాడు, ఏ ఇంకో చెప్పి మరీ వేస్తున్నాడు. వచ్చేవాళ్ళు తక్కువ. పాపకి ఇదంతా చెప్పలేదు, తనకి నాన్న ఇంకా నాన్నే. మీ సెలవు దగ్గర పడుతోందని తెలుసు. వస్తే రండి, ఇది మీ ఇల్లు కాదనే హక్కు నాకు లేదు. కాకపోతే మునుపటిలా గుమ్మంలో ఎదురు రమ్మంటే మాత్రం నా వల్ల కాదు. మీ మొహం చూడగానే నా నోట ఏ మాట వస్తుందో నాకే తెలియదు.

చివరగా ఒక్క సంగతి. అది నాది కాదు, టైలరమ్మ అడగమంది. ఆ రోజు ఫోన్లోంచి తీసేసే ముందు బాబు ఫోటోలన్నీ మీరు ఒక్కొక్కటీ చూశారట. బాబు పోయాక వాడి మొహాన్ని అన్ని రకాలుగా చూసింది తనూ, మీరూ మాత్రమేనట. "నాకు చెదిరిపోయింది, ఆయనకైనా గుర్తుందేమో అడుగు చెల్లీ. నవ్వేటప్పుడు ఎలా ఉండేవాడో రాయమను, ఎవరిచేతైనా చదివించుకుంటాను" అంది. సరే అని మాటిచ్చి వచ్చాను.

గుర్తుంటే రాయండి. గుర్తులేకపోతే, లేదని మీ చేత్తోనే ఆవిడకి రాయండి. ఈసారి చంటి మీదకి నెట్టడానికి కుదరదు.

ఇట్లు,
చంటికి వదిన,
పాపకి అమ్మ.